వీసాలు ఇప్పించిన అగ్నిపర్వతం

నా వెనకాల ఉన్న లైట్‌హౌస్ చూడండి. గ్రౌండ్ ఫ్లోర్ కనిపించట్లేదు కదా? ఉంది, బూడిద కింద ఉంది. 1903లో దీన్ని సముద్రం అంచున కట్టారు. ఇప్పుడు సముద్రం చూడాలంటే ఈ నల్ల బూడిద గుట్టలు దాటి ముందుకెళ్లాలి.

ఈ చోటు పేరు కపెలిన్యోస్. అట్లాంటిక్ మధ్యలో పోర్చుగల్‌కి అజోర్స్ అని తొమ్మిది దీవులున్నాయి, అన్నీ అగ్నిపర్వతాల వల్ల పుట్టినవే. అందులో ఫయాల్ అనే దీవికి ఇది పడమటి కొస.

1957 సెప్టెంబర్ 27న తీరానికి కాస్త అవతల నీళ్లు మరగడం మొదలైంది. ముందు చూసింది ఎవరనుకున్నారు? తిమింగలాల కోసం కొండ మీద కాపలా కూర్చునేవాళ్లు. కొన్నాళ్లకి ఒక చిన్న దీవి తేలింది, మునిగింది. మళ్లీ తేలి ఈసారి ఫయాల్‌కి అతుక్కుపోయింది. 13 నెలల్లో దాదాపు 2.4 చదరపు కిలోమీటర్ల కొత్త నేల! అందులో సగానికి పైగా సముద్రం మళ్లీ తినేసిందనుకోండి.

విస్ఫోటనంలో ఎవరూ చనిపోలేదు. కానీ పొలాల మీద బూడిద, పశువులకి మేత లేదు. 1958 మేలో ఒక్క రాత్రే వందల సార్లు భూమి కంపించి ఇళ్లు కూలిపోయాయి. బతికున్నారు సరే, ఎలా బతకాలి?

అమెరికా వెళ్దామంటే 1924 నాటి చట్టంతో వచ్చిన కోటా ఒకటుంది. మొత్తం పోర్చుగల్‌కి ఏడాదికి కొన్ని వందల మందే. అప్పుడు ఇద్దరు సెనేటర్లు ఒక బిల్లు పెట్టారు. ఒకరు రోడ్ ఐలాండ్ నుంచి జాన్ పాస్తోరే. రెండో ఆయన మసాచుసెట్స్ నుంచి, పేరు జాన్ ఎఫ్. కెన్నెడీ! ఆ రెండు రాష్ట్రాల్లోనూ అజోర్స్ నుంచి తిమింగలాల ఓడలెక్కి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. అంటే ఓట్లు కూడా ఉన్నాయి. జాలి ఒక్కటే పనిచేసిందని నేననుకోను. 1958 సెప్టెంబర్‌లో చట్టం వచ్చింది, ఫయాల్ బాధిత కుటుంబాల పెద్దలకి కోటాతో పనిలేకుండా 1,500 వీసాలు. భార్యాపిల్లల్ని కూడా తీసుకెళ్లొచ్చు.

హెచ్-1బీ లాటరీలో రెండుసార్లు పేరు రాని నాలాంటివాడికి ఇక్కడ ఒక లెక్క గుర్తొస్తుంది. ఆ 1958లో మొత్తం ఇండియాకి అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి 100. దేశాలవారీ ఆ పాత కోటాలు 1965 చట్టంతో పోయాయి. మన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లింది ఆ తర్వాతే.

ఫయాల్‌లో 1950లో 23 వేల మందికి పైగా ఉండేవాళ్లు. ఇప్పుడు 14 వేల చిల్లర. వెళ్లినవాళ్లు తర్వాత అన్నదమ్ముల్ని, అమ్మానాన్నల్ని పిలిపించుకున్నారు. ఆ వరస మనకి కొత్త కాదు కదా.

లైట్‌హౌస్ ఇప్పుడు వెలగదు, దాని దగ్గర నేల కింద మ్యూజియం కట్టారు. రండి, లోపలికెళ్దాం.