తండ్రి కంటి చలువ: ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ ఛాయాచిత్రాలు

ఆధునిక భారతీయ చిత్రకళతో పరిచయమున్న వారికి అమృతా షేర్‌గిల్‌ను గురించి వేరుగా చెప్పనక్కరలేదు. ఆమె తండ్రి ఉమ్రావ్ సింగ్ పేరు మాత్రం చిరకాలం కుమార్తె జీవితచరిత్రలోని తొలి పుటలకే పరిమితమై ఉండిపోయినది. ఇరవైయెనిమిదేండ్లకే అస్తమించిన ఆ చిత్రకారిణి బాల్యయౌవనాలు నేడు మన కన్నులకు కట్టినట్లు కనిపించుతున్నవంటే, అది ఆ తండ్రి తీసి దాచిన ఛాయాచిత్రాల చలువ.

ఉమ్రావ్ సింగ్ 1870లో పంజాబు మజీఠియా సర్దారుల వంశంలో జన్మించినాడు. సంస్కృత పారశీకాలలో పండితుడు. మహాకవి ఇక్బాలుకు మిత్రుడు. 1912లో హంగరీ దేశీయురాలైన గాయని మేరీ ఆంటోనెట్‌ను లాహోరులో వివాహమాడినాడు. మరుసటి సంవత్సరం జనవరి 30న బుడాపెస్టులో అమృత, 1914లో ఇందిర జన్మించినారు. మొదటి ప్రపంచ యుద్ధం కారణంగా ఆ కుటుంబం 1921 వరకు హంగరీలోనే ఉండిపోయి, పిదప సిమ్లాలో స్థిరపడినది.

ఆనాటికి ఛాయాచిత్రకళ మన దేశానికి కొత్తది కాదు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844-1905) హైదరాబాదులో ప్రభువుల వైభవాన్ని చిరస్థాయిగా నిలిపి ఉన్నాడు. అయితే అది కొలువు కోసం సాగిన కళ. ఉమ్రావ్ సింగ్ కెమెరాకు కొలువు లేదు, వెల లేదు, ఇల్లే దాని లోకం. మొదట తన్ను తానే చూచుకొన్నాడు. గ్రంథాల నడుమ కూర్చున్న పండితునిగా, యోగాసనంలో ఉన్న సాధకునిగా, వార్ధక్యం వరకు తన రూపాన్ని దశాబ్దాల పాటు నమోదు చేసికొన్నాడు. బిడ్డలు పుట్టిన తరువాత ఆ దృష్టి వారిమీదికి మరలినది.

వేషాలు వేసికొన్న పసిపిల్లలు, పియానో ముందు ఇందిర, తాను గీసిన పటాల చెంత అమృత, ఒకనాడు చీరలో, ఒకనాడు ఐరోపా దుస్తులలో: ఇట్లు అక్కచెల్లెండ్రిద్దరూ ఆయన కన్నుల ముందే పెరిగినారు. ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చును. బిడ్డను అనుక్షణం చిత్రించు ప్రేమ, ఆమెను తన ఊహకు తగినట్లు నిలబెట్టుకొను ప్రేమ కూడ కాదా? వేషమూ, వెలుగూ, నిలుచుండు తీరూ తీసేవాని యిచ్ఛను అనుసరించినప్పుడు ఆ బొమ్మలో మిగిలేది బిడ్డయా, తండ్రి కోరికయా? ఈ శంకను తేలికగా త్రోసివేయరాదు.

దీనికి సమాధానం అమృత చిత్రాలలోనే వెదకవలసి ఉన్నది. 1929లో పారిస్ చేరి చిత్రకళ నభ్యసించిన కాలంలో ఆమె తన రూపాన్నే పలుమార్లు చిత్రించుకొన్నది. ఒకరు చూడగా నిలుచుట ఎట్లో చిన్ననాడే ఎరిగిన పిల్ల, ఇప్పుడు చూచే హక్కును కూడ తానే తీసికొన్నది. ‘యువతులు’ అను చిత్రానికి చెల్లెలు ఇందిరను ఎదుట కూర్చుండబెట్టుకొన్నది. 1933లో ఆ చిత్రం పారిస్‌లో స్వర్ణపతకం పొందినది. 1934 చివర స్వదేశానికి మరలివచ్చి, మరుసటి సంవత్సరం తండ్రినే చిత్రించినది. అంతకాలం కెమెరా వెనుక నిలిచిన కన్ను అప్పుడు కుమార్తె ఎదుట కూర్చున్నది. తండ్రి ప్రేమ ఆమెను బంధించలేదనుటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

1941 డిసెంబరు 5న, తన చిత్రప్రదర్శనకు కొద్ది దినాలు ముందుగా, అమృత లాహోరులో మరణించినది. 1948లో భార్య కూడ గతించినది. 1954 వరకు జీవించిన ఉమ్రావ్ సింగ్‌కు ఆ బొమ్మలు కళాఖండాలు కావు, పోయినవారి ఆనవాళ్లు.

ఆ ఆనవాళ్లను తిరిగి వెలుగులోకి తెచ్చినవాడు ఇందిర కుమారుడు, చిత్రకారుడు వివాన్ సుందరం (1943-2023). 2001-02 సంవత్సరాలలో ఆయన తాతగారి ఛాయాచిత్రాలను ఒకదానితో ఒకటి కలిపి, వేరువేరు కాలాలనాటి రూపాలను ఒకే పటంలో కూర్చినాడు. కాలం విడదీసిన ఆ కుటుంబం అక్కడ మరల ఒకచోట చేరినది.

చరిత్ర ఒక కుమార్తెనే స్మరించినది. తండ్రి కెమెరా మాత్రం ఇద్దరినీ చూచినది. అమృతకు పేరు వచ్చిన తరువాత తీసిన బొమ్మలు ఎన్ని ఉన్నా, ఆమె ఏమి కాగలదో ఎవరికీ తెలియని దినాలలో తీసినవే వీనిలో మిక్కిలి విలువైనవి. కీర్తిని చూచి దాచేది చరిత్ర. కీర్తితో పనిలేక దాచేది కన్నప్రేమ.