రెండు పుస్తకాల్లో ఒకే మాట



మన ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్టు సంగతి మీకు చెప్పనక్కరలేదు. మునగకాయల మూట తూకం రైతు చేతి చీటీలో ఒకటి, మండీ లెక్కలో ఇంకొకటి ఉంటే ఏమౌతుందో మీకే తెలుసు. ప్రపంచమంతా ఆడే ఒక ఆట కూడా ఇలా రెండు లెక్కలు కలవడం మీదే నడుస్తుంది. అదే హామ్ రేడియో పోటీ.

లైసెన్సు ఉన్న ఔత్సాహికులు ఇంటి నుంచే వైర్‌లెస్‌లో మాట్లాడుకుంటారు. పోటీలో నిర్ణీత గంటల్లో ఎందరిని, ఎన్ని దేశాలవారిని పలకరించారన్నది లెక్క. 1927లో అమెరికన్ రేడియో రిలే లీగ్ ఇలాంటి అంతర్జాతీయ పోటీ పెట్టింది. సీక్యూ పత్రికవారి ప్రపంచ పోటీ 1948లో మొదలైంది. ఇందులో మైదానం లేదు, పక్కన నిలబడి చూసే అంపైరూ లేడు. మరి గెలుపు తేలేదెట్లా?

లాగ్ పుస్తకమే సాక్షి. అవతలివారి కాల్ సైను, సమయం, బ్యాండు, ఇచ్చిపుచ్చుకున్న అంకెలు అందులో రాయాలి. మీరు జపానుతో మాట్లాడితే మీ పుస్తకంలోనూ ఉండాలి, జపానాయన పుస్తకంలోనూ ఉండాలి. ఒకచోటే ఉంటే చెల్లదు. కాల్ సైను తప్పు రాస్తే ఆ పాయింట్లు పోతాయి, సీక్యూ పోటీలో పైన ఇంకా కోత పడుతుంది.

తప్పు దొర్లడం ఎంతసేపు? మోర్సులో ఎస్‌కు 3 చుక్కలు, హెచ్‌కు 4, అంకె 5కు 5. ఉరుముల గరగరలో ఒక్క చుక్క పోతే మనిషే మారిపోతాడు. మాటల్లో బి, పి ఒకేలా వినబడతాయి గనుక బ్రావో, పాపా అంటారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నేర్చిన మనకు ఈ చిక్కు కొత్త కాదు. తమిళ లిపిలో ప, బ రెంటికీ ఒకటే అక్షరం కదా!

సరిగా వినబడకపోతే మళ్ళీ అడగాలి. పోటీ ముగిశాక టేపు విని, జాబితాలు వెతికి దిద్దుకోవడం సీక్యూ నియమాల ప్రకారం నిషిద్ధం. కఠినమే, కాని న్యాయం. పరీక్ష గంట కొట్టాక పిల్లవాణ్ణి జవాబు దిద్దుకోనిస్తామా? ఒకప్పుడు లాగులు తపాలాలో వెళ్ళేవి, చేత్తో సరిచూసేవారు. చాలా తప్పులు దాటిపోయేవి. ఇప్పుడు వేలాది లాగులను కంప్యూటరు ఒకదానితో ఒకటి పోల్చి చూస్తుంది. సీక్యూవారు గడువును 5 రోజులకు తగ్గించారు. లాగులను అందరూ చూసేలా బయటపెడుతున్నారు కూడా.

ఈ శ్రద్ధ ఆటకే పరిమితం కాదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమానులోని పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచంతో మాట్లాడుతోంది. 26వ తేదీన సునామీ వచ్చింది. కాల్ సైన్లు రాసుకున్న ఆ స్టేషనే ఆపదలో ఉన్నవారి కబుర్లు చేరవేసే పనికి మళ్ళింది. అప్పుడు చెవిన పడినవి మనుషుల పేర్లు. ఒక్క అక్షరం తప్పితే ఒకరింట్లో వెలగాల్సిన దీపం మరొకరింట్లో వెలిగేది.