మోంటోనీ నుంచి రాయ్‌లాట్ దాకా: గోతిక్, అపరాధ పరిశోధక సాహిత్యాల్లో హింసాప్రవృత్తి

ఉపోద్ఘాతం

ఆంగ్ల సాహిత్యంలో గోతిక్ నవల 18వ శతాబ్దపు ఉత్తరార్ధంలో, అపరాధ పరిశోధక కథ 19వ శతాబ్దంలో రూపుదిద్దుకున్నాయి. మొదటిది భయానికి, రెండవది బుద్ధికి సంబంధించిన ప్రక్రియలుగా భావించడం పరిపాటి. ఆ లెక్కన గోతిక్ పాత్రల హింస ఆవేశజనితం, నేరకథల్లోని హింస ఆలోచనాజనితం కావాలి. పాత్రలను పక్కపక్కన నిలిపి చూసినప్పుడు ఈ విభజన నిలవదు. ఆన్ రాడ్‌క్లిఫ్ నవల 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో' (1794)లోని మోంటోనీ, ఆర్థర్ కోనన్ డాయిల్ కథ 'ది ఎడ్వెంచర్ ఆఫ్ ది స్పెకిల్డ్ బాండ్' (1892)లోని డాక్టర్ గ్రైమ్స్‌బీ రాయ్‌లాట్ ఇందుకు తగిన ఉదాహరణలు. ఇద్దరూ వివాహం ద్వారా ఒక ఆడపిల్లకు సంరక్షకులైనవారే. ఇద్దరూ ఆమెను పాతబడిన పెద్ద కట్టడంలో తమ కనుసన్నల్లో ఉంచుకున్నవారే. ఇద్దరి దృష్టీ ఆస్తి మీదే. ఇన్ని పోలికలున్న ఈ పాత్రలకు మధ్య దాదాపు వందేళ్ల దూరం ఉంది. ఆ వ్యవధిలో హింస స్వభావం కంటే దాన్ని చూసే చూపు ఎక్కువ మారిందని ఈ పాత్రలు నిరూపిస్తాయి.

గోతిక్ క్రూరుడి తొలి రూపం

హొరేస్ వాల్‌పోల్ 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' 1764 చివర వెలువడింది. తొలి ముద్రణలో అది ఒక పాత ఇటాలియన్ గ్రంథానికి అనువాదమన్నట్టు కనిపిస్తుంది. 1765 నాటి రెండవ ముద్రణలో వాల్‌పోల్ రచన తనదేనని ఒప్పుకొని, దానిని గోతిక్ కథగా పేర్కొన్నాడు. ఇందులో మాన్‌ఫ్రెడ్ అనుభవిస్తున్న రాజ్యం అతని తాత విషప్రయోగంతో సంపాదించినది. అంటే అతనిలోని హింస వారసత్వంగా వచ్చిన అప్పు వంటిది. కొడుకు మరణించగానే ఆ కొడుక్కి నిశ్చయించిన వధువును తానే వివాహమాడాలనుకుంటాడు. చివరకు ఆమె అనే భ్రమలో సొంత కూతురిని పొడిచి చంపుతాడు. అతని చేతికి, కోపానికి మధ్య అడ్డేమీ లేదు. పాఠకుడు అతన్ని ఒక్కసారి కూడా అనుమానించవలసిన అవసరం రాదు. అంతా కళ్లెదుటే జరుగుతుంది.

మూడు దశాబ్దాల తరువాత రాడ్‌క్లిఫ్ ఈ నమూనాను లోలోపల మార్చివేసింది. ఆమె మార్చినదేమిటో విమర్శకులు ఎక్కువగా అతీంద్రియ ఘటనలకు హేతుబద్ధమైన వివరణ ఇవ్వడంలోనే చూశారు. పాత్రచిత్రణలో వచ్చిన మార్పు అంతకంటే లోతైనది.

మోంటోనీ: చేసినదానికంటే ఎక్కువ అనుమానం

1584 నాటి కథగా సాగే ఉడాల్ఫోలో తల్లిదండ్రులను కోల్పోయిన ఎమిలీ, మేనత్తతోబాటు ఆమె రెండవ భర్త మోంటోనీ అధీనంలోకి వెళుతుంది. ఆపినైన్ పర్వతాల్లోని కోటలో ఆమెకిచ్చిన గదికి రెండో తలుపు ఒకటి ఉంటుంది. అది మెట్లదారిలోకి తెరుచుకుంటుంది, దాని గడియ మాత్రం బయటి వైపున ఉంటుంది. గోతిక్ సాహిత్యంలోని భయమంతా ఈ గడియలో ఉందంటే అతిశయోక్తి కాదు. లోపలున్న వ్యక్తికి తన గది మీద తనకే అధికారం లేదు.

ఎమిలీ మోంటోనీని హంతకుడని నమ్ముతుంది. ఆ కోటకు పూర్వపు యజమానురాలైన లారెంటీనిని అతడే చంపాడనుకుంటుంది. నల్లని తెర వెనుక తాను చూసినది ఆమె శవమేనని భావిస్తుంది. పాఠకుడూ వందల పుటల పాటు అదే భావిస్తాడు. తీరా చూస్తే తెర వెనుక ఉన్నది మైనపు బొమ్మ. లారెంటీని హత్యకు గురికాలేదు. పైగా మరొక స్త్రీకి విషం పెట్టించినది ఆమే. నవలలో హత్యానేరం రుజువయ్యేది మోంటోనీ మీద కాదు, అతడు చంపాడని అందరూ అనుకున్న స్త్రీ మీద.

అలాగని మోంటోనీ నిర్దోషి కాడు. భార్య తన పేర ఉన్న ఫ్రాన్స్ ఆస్తులను రాసివ్వనందుకు ఆమెను బురుజులో బంధిస్తాడు. ఆమె అక్కడే జ్వరపడి మరణిస్తుంది. ఆ ఆస్తులు ఎమిలీకి సంక్రమించగానే అదే సంతకం కోసం ఆమెను వేధిస్తాడు. ఇక్కడ హింసకు ఆయుధం కత్తి కాదు, కాగితం. నిర్లక్ష్యంతో చంపడాన్ని హత్య అనవచ్చునా అన్న ప్రశ్నను రాడ్‌క్లిఫ్ లేవనెత్తి, జవాబివ్వకుండా వదిలింది. బహుశా ఆమె కాలపు న్యాయవ్యవస్థలో ఆ ప్రశ్న అడిగే అధికారి ఎవరూ లేకపోవడమే కారణం.

ఇంటి గుమ్మం దాటిన పోలీసు

ఆ అధికారి 19వ శతాబ్దంలో వచ్చాడు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసు వ్యవస్థ 1829లో, దాని పరిశోధక విభాగం 1842లో ఏర్పడ్డాయి. ఈ మధ్యలో 1841లో ఎడ్గార్ ఆలన్ పో అమెరికాలో 'ది మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్' ప్రచురించాడు. అందులో హంతకి ఒరాంగుటాన్ కావడం వల్ల ప్రవృత్తి చర్చకు అది అంతగా ఉపకరించదు. ఉద్దేశమే లేని చోట ప్రవృత్తిని వెదకడం వృథా.

చరిత్రలో అసలు మలుపు 1860 నాటి రోడ్ హిల్ హౌస్ హత్య. విల్ట్‌షైర్‌లోని ఒక గౌరవనీయ కుటుంబంలో పసిబాలుడు హత్యకు గురయ్యాడు. స్కాట్లండ్ యార్డ్ నుంచి వెళ్లిన జోనథన్ విచర్ కనిపించకుండా పోయిన ఒక రాత్రి గౌను ఆధారంగా బాలుడి సవతి అక్క కాన్‌స్టన్స్ కెంట్‌ను అనుమానించి అరెస్టు చేశాడు. ఒక సామాన్య పోలీసు పెద్దింటి ఆడపిల్ల బట్టలు లెక్కపెట్టడమా అని లోకం మండిపడింది. విచర్ ప్రతిష్ఠ దెబ్బతింది. 1865లో కాన్‌స్టన్స్ నేరం ఒప్పుకుంది. విల్కీ కాలిన్స్ 'ది మూన్‌స్టోన్' (1868)లో రంగు అంటిన రాత్రి గౌనుకు, సార్జెంట్ కఫ్ పాత్రకు ఈ కేసు ఛాయలున్నాయి. గోతిక్ నవల ఇటలీ కొండల్లోని కోటకు తరిమేసిన గృహహింస ఇంగ్లీషు ఇంట్లోనే ఉందని తేలింది. బయటివాడొకడు లోపలికి వచ్చి చూడవచ్చునని కూడా తేలింది.

రాయ్‌లాట్: అనుమానంకంటే ఎక్కువ చేసినవాడు

'స్పెకిల్డ్ బాండ్' 1892 ఫిబ్రవరిలో స్ట్రాండ్ పత్రికలో వచ్చింది. తన హోమ్స్ కథల్లో ఉత్తమమైన వాటిని 1927లో ఎంపిక చేసినప్పుడు డాయిల్ దీనికే మొదటి స్థానం ఇచ్చాడు. రాయ్‌లాట్ పైపైన చూస్తే అచ్చమైన గోతిక్ పాత్ర. దివాలా తీసిన పాతవంశం, శిథిలమవుతున్న స్టోక్ మోరన్ భవనం, ఆవరణలో తిరుగాడే చీతా, బాబూన్. ఊరి కమ్మరిని ఎత్తి పిట్టగోడ మీదుగా వాగులోకి విసిరినవాడు. హోమ్స్ గదిలోకి దూసుకువచ్చి నిప్పు కదిపే ఇనుప ఊచను చేతులతో వంచినవాడు.

ఇంత కోపిష్టిని చూశాక పాఠకుడు మరో మాన్‌ఫ్రెడ్‌ను ఊహిస్తాడు. డాయిల్ నేర్పంతా ఆ ఊహను తప్పించడంలో ఉంది. రాయ్‌లాట్ బాహాటంగా చేసే హింసకు, అతని అసలు నేరానికి పోలికే లేదు. కన్నుమూసిన భార్య ఆస్తి మీద ఏటా వచ్చే ఆదాయం వ్యవసాయ ధరలు పడిపోవడంతో సుమారు 1,100 పౌన్ల నుంచి 750 పౌన్లకు తగ్గింది. పెళ్లయిన ప్రతి కూతురికీ అందులోంచి 250 పౌన్లు ఇవ్వాలి. ఇద్దరికీ పెళ్లిళ్లయితే అతనికి మిగిలేది 250 మాత్రమే. ఈ తీసివేత లెక్కే జూలియా మరణానికి కారణం. నేలకు బిగించిన మంచం, మోగని గంట తాడు, గాలి రాని వెంటిలేటర్, ఇనప్పెట్టెలో పాము: ఇవన్నీ రాత్రుల తరబడి ఓర్పుగా సాగిన పని. కమ్మరిని విసిరిన చేయే ఈలవేసి పామును వెనక్కి పిలుస్తుంది. కోపం అతని స్వభావం కావచ్చు, హత్య మాత్రం అతని గణితం.

మోంటోనీ విషయంలో అనుమానం నేరాన్ని మించిపోతే, రాయ్‌లాట్ విషయంలో నేరం అనుమానాన్ని మించిపోయింది. సోదరి భయంతో మరణించిందని హెలెన్ భావిస్తుంది, ఆవరణలోని జిప్సీల మీద అనుమానపడుతుంది. కరోనర్‌కూ మరణకారణం అంతుచిక్కదు. గడియ ఈసారి లోపలే ఉంది, అమ్మాయిలు ప్రతిరాత్రీ దాన్ని వేసుకుంటారు కూడా. ఆ భద్రతాభావమే ఉచ్చు.

పాములు ఈలకు స్పందించవని, డాయిల్ పేర్కొన్న జాతి భారతదేశంలో లేనే లేదని శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చారు. సాసర్‌లో పాలు చూసి హోమ్స్ రహస్యం గ్రహించడం మాత్రం నాగుల చవితికి పుట్టలో పాలుపోసే తెలుగు పాఠకుడికి వింతగా తోచదు. పాములు నిజానికి పాలు కోరవన్నది వేరే సంగతి.

పరిశోధకుడి చేతికర్ర

హింసాప్రవృత్తిని నేరస్థుడికే పరిమితం చేస్తే పోలిక అసంపూర్ణమవుతుంది. రాయ్‌లాట్ వంచిన ఊచను హోమ్స్ మళ్లీ సరిచేస్తాడు. బలంలో ఇద్దరూ సమానులే. తొలి నవల 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' (1887)లోనే, మరణానంతరం కమిలిన గుర్తులు ఎంతవరకు ఏర్పడతాయో తెలుసుకోవడానికి హోమ్స్ శవాలను కర్రతో కొడతాడని పరిచయమవుతుంది. స్టోక్ మోరన్ చీకటిలో అదే తరహా బెత్తంతో పామును కొడతాడు. అది వెనుదిరిగి యజమానిని కాటేస్తుంది. ఆ మరణానికి తాను పరోక్షంగా బాధ్యుడినని, అది తన మనస్సాక్షిని అంతగా బాధించదని హోమ్స్ స్వయంగా చెబుతాడు. గోతిక్ నవలలో దైవం లేదా విధి విధించిన శిక్షను ఇక్కడ పరిశోధకుడు అమలు చేశాడు. చట్టం రెండుచోట్లా ప్రేక్షకురాలే. మోంటోనీ వెనిస్ చెరలో అనుమానాస్పదంగా మరణిస్తాడు, రాయ్‌లాట్ తన కుర్చీలోనే మరణిస్తాడు. ఏ న్యాయస్థానమూ ఈ ఇద్దరినీ వారు స్త్రీలపట్ల చేసిన నేరానికి విచారించలేదు.

కలకత్తా మరణం

రాడ్‌క్లిఫ్ తన క్రూరుడిని ఇటలీకి పంపినట్టే డాయిల్ రాయ్‌లాట్ క్రూరత్వానికి భారతదేశాన్ని పుట్టుకచోటుగా చూపించాడు. వంశంలో ఉన్న ఉన్మత్త కోపం ఉష్ణదేశంలో దీర్ఘకాలం నివసించడంతో మరింత ముదిరిందని హెలెన్ భావన. జంతువులు, పాము, విషవిద్య అన్నీ అక్కడినుంచి వచ్చినవే. ఇంగ్లీషు ఇంటిలోని హింసకు ఇంగ్లీషు కారణం వెదకవలసిన పని ఇలా తప్పిపోయింది. ఆ కారణం కథలోనే ఉంది. అది 250 పౌన్ల లెక్క.

అంతకంటే గమనించదగ్గది మరొకటుంది. రాయ్‌లాట్ కలకత్తాలో వైద్యవృత్తిలో ఉండగా, ఇంట్లో దొంగతనాలు జరిగాయన్న కోపంతో స్థానికుడైన తన బట్లర్‌ను కొట్టి చంపాడు. ఉరిశిక్ష తృటిలో తప్పింది. దీర్ఘకాల కారాగారం మాత్రం అనుభవించాడు. కథలో రాయ్‌లాట్ స్వహస్తాలతో చేసిన హత్య ఇదొక్కటే. మాన్‌ఫ్రెడ్ తరహా గోతిక్ హింస ఏ మార్పూ లేకుండా కొనసాగినదీ ఇక్కడే. హెలెన్ దాన్ని ఒకే వాక్యంలో తండ్రి గత చరిత్రగా చెబుతుంది. హోమ్స్ ఒక్క ప్రశ్న వేయడు. జూలియా గదిలో మంచం కాళ్లను, కుర్చీ మీది ఆనవాళ్లను, తాడు కొసను అంత శ్రద్ధగా పరీక్షించిన కథ, కలకత్తాలో చనిపోయిన ఆ మనిషికి పేరు కూడా పెట్టలేదు. దొంగతనం చేసినది అతడేనా అన్నదీ చెప్పలేదు.