బొగ్గు కరువులో సంగీతోత్సవము: ఎడింబరో, 1947

1947 ఆగస్టు 24, ఆదివారము. ఢిల్లీలో మువ్వన్నెల జెండా ఎగిరి అప్పటికి తొమ్మిది దినములు. ఆ ఆదివారమున స్కాట్లండు రాజధానియైన ఎడింబరోలో, సెయింట్ జైల్స్ ప్రార్థనాలయమున, నగర పెద్దలు తమ అధికార చిహ్నములతో ఊరేగి వచ్చి ఒక ఉత్సవమునకు నాంది పలికిరి. మూడువారములపాటు సంగీతము, నాటకము, నృత్యము. ఐరోపాలోని గొప్ప విద్వాంసులందరును ఒక్క ఊరికి వచ్చి పాడి, వాయించి, ఆడి పోవలెనని సంకల్పము. ఆ సంకల్పము పుట్టిన కాలము ఎట్టిదో తెలిసికొననిదే దాని సాహసము బోధపడదు.

యుద్ధములో గెలిచినవారు బ్రిటిషువారు. ఆ గెలుపు వారింట కడుపునిండ తిండియైనను పెట్టలేదు. యుద్ధకాలమున సైతము రేషనుకు లోబడని రొట్టె, యుద్ధము ముగిసిన మరుసటి యేడు, 1946లో, రేషనులోనికి వచ్చినది. 1947 ఆరంభమున వచ్చిన చలికాలము ఆ దేశమున పెద్దలు చిరకాలము చెప్పుకొన్న చలికాలము. మంచులో బొగ్గు రైళ్లు నిలిచిపోయెను; విద్యుత్తు చాలక కర్మాగారములు మూతపడెను; ఇండ్లలో పొయ్యి వెలిగించుకొనుటకును లెక్క చూచుకొనవలసివచ్చెను. అట్టి యేట వేసవి చివర ఎడింబరో పురపాలక సంఘము సంగీతమునకై వేల పౌనులు వెచ్చింపబూనినది.

ఈ ఆలోచనకు కర్త స్కాట్లండువాడు కాడు. రుడాల్ఫ్ బింగ్ 1902లో వియన్నా నగరమున జన్మించినవాడు. నాజీలు జర్మనీలో అధికారమునకు వచ్చిన పిదప ఇంగ్లండు చేరి, గ్లైండ్‌బోర్న్ అను పల్లెపట్టున ఒక జమీందారు నెలకొల్పిన సంగీతనాటకశాలకు కార్యనిర్వాహకుడయ్యెను. యుద్ధము రాగానే ఆ నాటకశాల మూతపడెను; బింగ్ లండనులోని ఒక పెద్ద వస్త్రదుకాణములో ఉద్యోగమునకు కుదిరెను. యుద్ధము ముగియవచ్చుచుండగా అతనికి కలిగిన యోచన ఇది: జర్మనీ, ఆస్ట్రియాలలోని ఉత్సవ నగరములు దెబ్బతిని యున్నవి, సాల్జ్‌బర్గ్ మరల తల యెత్తుకొనుటకు కాలము పట్టును, ఈలోగా బ్రిటనులో అటువంటి ఉత్సవమేల జరుపరాదు? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి మొదలగు ఊళ్లపేర్లు తలపునకు వచ్చెను. తుదకు ఎడింబరో స్థిరపడెను. ఆ ఊరి నడుమ నల్లని కొండ, కొండమీద కోట. దానిని చూచిన వియన్నావానికి సాల్జ్‌బర్గ్ కోట జ్ఞాపకము రాకుండునా? బాంబుల దెబ్బ ఆ ఊరికి పెద్దగా తగలకపోవుట మరియొక కారణము. పట్టణములో వసతి గృహములు, నాటకశాలలు చెక్కుచెదరక నిలిచియుండెను.

బ్రిటిష్ కౌన్సిల్ స్కాట్లండు శాఖలో పనిచేయుచుండిన హెన్రీ హార్వే వుడ్ ఈ పథకమును నగరమునకు చేర్చెను. నగరాధ్యక్షుడైన సర్ జాన్ ఫాల్కనర్ దానిని తన భుజమున కెత్తుకొనెను. ఆ ఊరు జాన్ నాక్స్ బోధించిన ఊరు. ఆదివారమున వేడుకయన్న కనుబొమలు ముడివడు ఊరు. పరదేశపు గాయకులకు పన్నుల సొమ్మేలయని, ఇండ్లు లేనివారికి ఇండ్లు కట్టవచ్చును గదాయని వాదించినవారు లేకపోలేదు. ఆ వాదము తేలికగా త్రోసివేయదగినదియు కాదు. ఫాల్కనర్ దానికి లెక్కలతో జవాబు చెప్పలేదు; మనుష్యులు మరల ఒకరి ముఖమొకరు చూచుకొను చోటు ఒకటి కావలెననెను. సొమ్ము కొంత పురపాలక సంఘము, కొంత ప్రభుత్వ కళామండలి, మిగిలినది దాతలు ఇచ్చిరి. దాతలలో మొదటివాడు రోజ్‌బరీ ప్రభువు. ఆయన ఇచ్చిన పదివేల పౌనులు తన గుర్రము గెలిచిన పందెపు సొమ్మని ప్రతీతి. కచేరీలు జరుగు అష్షర్ హాలు చరిత్రయు ఇట్టిదే: ఆండ్రూ అష్షర్ అను విస్కీ వర్తకుడు 1896లో లక్ష పౌనుల దానమిచ్చెను, భవనము 1914లో తెరువబడెను. నియమనిష్ఠలకు పేరుపడిన ఆ నగరమున సంగీత దేవతకు గుడి కట్టినది సారాయి సొమ్ము, ఉత్సవము చేయించినది గుర్రపు పందెపు సొమ్ము. ఎవరును తప్పుపట్టినట్లు లేదు.

కోటకు దీపాలంకారము చేయవలెనని ఊరివారి కోరిక. ఇంధనశాఖ మంత్రి షిన్వెల్ వలదనెను. బొగ్గు కరువులో రాతిగోడల మీద వెలుతురు పోయుట ఆయనకు పాపముగా తోచియుండును. అప్పుడు ఎడింబరో గృహస్థులు తమ రేషను బొగ్గును ఇచ్చివేయుదుమని ముందుకు వచ్చిరి. గడచిన చలికాలమున ఆ బొగ్గు విలువ ఏమిటో వారికంటె ఎక్కువగా ఎరిగినవారెవరు? మంత్రి మెత్తబడెను. కోట కొన్ని రాత్రులు వెలిగినది. యుద్ధమంతయు దీపములార్పుకొని గడపిన జనమునకు ఆ వెలుగు కచేరీలకు తీసిపోని వేడుక యయ్యెను.

ఉత్సవము ఎట్లు సాగెనో కొంత చెప్పవలెను. ఉదయము ఫ్రీమేసన్స్ హాలులో చిన్న కచేరి. సాయంకాలము అష్షర్ హాలులో పెద్ద వాద్యబృందము. కింగ్స్ థియేటరులో గ్లైండ్‌బోర్న్ వారి సంగీతనాటకములు. మోట్సార్ట్ రచించిన ఫిగారో, వెర్డి రచించిన మాక్‌బెత్ ఆ యేడు ప్రదర్శితములయ్యెను. మార్గో ఫాంటేన్ నర్తించినది. ష్నాబెల్ పియానో, సిగెటి ఫిడేలు, ప్రింరోజ్ వయోలా, ఫూర్నియే చెల్లో వాయించుచు ఒకే వేదికపై కూర్చుండిరి. నలుగురును నాలుగు దేశములలో పుట్టినవారు. మన కచేరీలలో ప్రధాన విద్వాంసుడొకడుండి తక్కినవారు అతని ననుసరింతురు. అక్కడి నలుగురి వాద్యగోష్ఠిలో అట్టి అంతరువు లేదు. ఒక్కొక్కడు తన వంతు వచ్చినప్పుడు ముందుకు వచ్చి, తరువాత తగ్గి, ఇతరులకు దారి ఇచ్చును. వట్టి మర్యాద చేత వచ్చు విద్య కాదది. ఏండ్ల తరబడి సాధన కావలెను.

ఈ ఆహూతులు గాక అనాహూతులును వచ్చిరి. ఎనిమిది నాటక బృందములు, ఆరు స్కాట్లండువి, రెండు ఇంగ్లండువి, తమను ఎవరును పిలువకపోయినను వచ్చి, దొరికిన చోట ఆడుకొనిరి. ఒక బృందము సముద్రపాయ ఆవలిగట్టున నున్న డన్ఫర్మ్‌లిన్ మఠములో ఆడినది. మరుసటి యేడు రాబర్ట్ కెంప్ అను రచయిత పత్రికలో వీరిని గూర్చి వ్రాయుచు, ఉత్సవపు అంచున జరుగు నాటకములని అర్థము వచ్చునట్లు ఒక మాట వాడెను. ఆ మాటయే పేరై నిలిచినది. 2019 నాటికి ఆ ‘అంచు’ ఉత్సవమున మూడువేలకు పైబడిన ప్రదర్శనలు జరుగుచుండెను. బట్టకంటె అంచు వెడల్పయినదన్నమాట.

అయినను 1947ను జ్ఞాపకముంచుకొనుటకు అసలు కారణము వేరు. అది బ్రూనో వాల్టర్ రాక.

వాల్టర్ 1876లో బెర్లినులో పుట్టిన యూదుడు, వాద్యబృంద సంచాలకుడు. యువకుడుగా నున్నప్పుడు గుస్తావ్ మాలర్ కడ పనిచేసి, ఆయనకు శిష్యుడు, మిత్రుడు నయ్యెను. మాలర్ 1911 మే నెలలో మరణించెను. ఆయన రచనలలో ‘భూగీతము’ అను అర్థముగల పేరుతో పిలువబడునది, ప్రాచీన చీనా కవితల జర్మను అనుసరణములకు కట్టిన సంగీతము, ఆయన జీవితకాలమున ఎవరును వినలేదు, ఆయనయు వినలేదు. అదే సంవత్సరము నవంబరులో మ్యూనిక్ నగరమున దానిని మొదటిసారి లోకమునకు వినిపించినవాడు వాల్టర్. 1933లో నాజీలు అతనిని జర్మనీలో కచేరి చేయనీయలేదు. అతడు వియన్నా చేరెను. 1938 మార్చిలో హిట్లరు ఆస్ట్రియాను కబళించెను, వియన్నాయు పోయెను. ఫ్రాన్సు మీదుగా అమెరికా చేరి అక్కడ స్థిరపడెను.

వియన్నా ఫిల్‌హార్మోనిక్ అను వాద్యబృందము అతనికి ప్రాణప్రదమైనది. 1938లో ఆ బృందము తన యూదు సభ్యులను వెలివేసినది. వారిలో ప్రథముడు ఆర్నాల్డ్ రోజే. 1881 మొదలు ఐదు దశాబ్దములకు పైగా ఆ బృందమునకు ప్రథమ ఫిడేలు విద్వాంసుడు. మాలర్ చెల్లెలిని పెండ్లాడినవాడు. ముసలితనమున లండనుకు పారిపోయి, 1946లో అక్కడనే కన్నుమూసెను. అతని కుమార్తె ఆల్మా, తానును ఫిడేలు విదుషి, 1944లో ఆష్‌విట్స్ శిబిరమున మరణించినది. 2013లో ఆ బృందమే చరిత్రకారులచేత జరిపించి ప్రకటించిన పరిశోధన ప్రకారము, 1942లో సభ్యులు 123 మందిలో 60 మంది నాజీపక్ష సభ్యులు. వెలివేయబడినవారిలో ఐదుగురు శిబిరములలోను గెట్టోలలోను ప్రాణములు కోల్పోయిరి.

బింగ్ వాల్టర్‌ను పిలిచినది ఈ బృందమును నడిపించుటకే. అతడు అంగీకరించెను. అతడు అంగీకరించెనని వినగానే తక్కిన విద్వాంసులను ఒప్పించుట సులభమయ్యెనని బింగ్ చెప్పుకొనెను. డెబ్బదియొకటవ యేట, సెప్టెంబరు నెలలో, వాల్టర్ ఎడింబరోలో తన పాత సహచరులను కలిసికొనెను. ఎదుట కూర్చున్నవారిలో 1938లో మౌనముగా చూచుచు నిలిచినవారుండిరి. అంతకంటె ఎక్కువ చేసినవారును ఉండిరి. కూర్చుండవలసిన కొందరు లేరు. ఇది క్షమయా, మరపా, లేక ఆ సంగీతము అట్టివారి చేతనే గాని అట్లు పలుకదను విద్వాంసుని ఆశయా? ఆనాడే అడిగినవారుండిరి; నేటికిని చరిత్రకారులు అడుగుచున్నారు. వాల్టర్‌ను తప్పుపట్టుట సులభము. అతడు పోగొట్టుకొన్నదానిని పోగొట్టుకొననివారికి మరింత సులభము.

వారు వాయించినది మాలర్ ‘భూగీతము’. అందు పురుషకంఠము పీటర్ పియర్స్‌ది. స్త్రీకంఠము కాథ్లీన్ ఫెరియర్‌ది. ఈమె చరిత్ర సర్కారు ఉద్యోగుల కుటుంబములు వినదగినది. 1912లో లంకాషైరులో జన్మించి, పదునాలుగవ యేట చదువు మాని, బ్లాక్‌బర్న్ పట్టణపు తపాలా శాఖ టెలిఫోను ఎక్స్‌చేంజిలో పనికి కుదిరినది. ఫోనులో గంట చెప్పు కంఠము కొరకు ఆ శాఖవారు పోటీ పెట్టగా, ఈమెయు పోటీ చేసి నెగ్గలేదు! 1937లో కార్లైల్ పట్టణపు పోటీలలో పియానోకే పేరు ఇచ్చియుండగా, పాటకును ఇమ్మని భర్త ఒక షిల్లింగు పందెము కట్టెను. రెండింటను ఆమెకే బహుమతి వచ్చెను. పదేండ్లు తిరుగకమునుపే ఆమె బ్రూనో వాల్టర్ ఎదుట పాడుచున్నది. మంద్రస్థాయిలో లోతుగా పలుకు కంఠము ఆమెది. మాలర్ సంగీతము ఆమెకు కొత్త. వాల్టర్ పియానో ముందు కూర్చుండి తానే నేర్పెను.

ఆ రచనలో కడపటి భాగము వీడ్కోలు. ఒక్కటే అర్ధగంట సాగును. మిత్రుడు మిత్రుని విడిచి కొండలలోనికి పోవును. ‘ఎల్లప్పుడు’ అను అర్థముగల ఒక్క మాట మరల మరల వచ్చుచు, ప్రతిసారియు మరికొంత సన్నగిల్లి, ఎచట ముగిసినదో తెలియకుండ ముగియును. ఆ మాట వద్ద ఫెరియర్ కంఠము పెగలలేదు. కన్నీరు అడ్డమువచ్చెను. కచేరి ముగిసిన వెనుక, తాను విద్వాంసురాలికి తగని పని చేసితినని ఆమె వాల్టర్‌ను క్షమాపణ వేడినది. తామందరును ఆమెవంటి కళాకారులే యైనచో అందరును ఏడ్చియుండెడివారమని ఆయన బదులు చెప్పెనట. దీనిని వ్రాసిపెట్టినవాడు నెవిల్ కార్డస్. క్రికెట్ వ్రాతలవలన మన దేశమునను పేరెరిగిన కార్డస్ సంగీత విమర్శకుడు కూడ.

1947 మొదలు 1952 వరకు ప్రతి యేడును ఫెరియర్ ఎడింబరోలో పాడినది. 1952లో వియన్నా నగరమున, అదే బృందముతో, వాల్టర్ నడుపగా యూలియస్ పాట్‌జాక్‌తో కలిసి ఆమె పాడిన ‘భూగీతము’ రికార్డు చేయబడెను. అప్పటికే ఆమెను కాన్సరు పట్టియున్నది. 1953 అక్టోబరు 8న, నలుబదియొకటవ యేట మరణించినది. ఆ రికార్డు నేటికిని దొరకుచున్నది. 1947 నాటి కన్నీరు అందు వినబడదు. అందు ఆమె చివరి మాటను నిలబడి పూర్తిచేసినది.

బింగ్ 1949లో వెడలిపోయి, మరుసటి యేడు న్యూయార్కు మెట్రోపాలిటన్ సంగీతనాటకశాలకు ప్రధాన నిర్వాహకుడయ్యెను. ఉత్సవము ఒక్కయేటి ముచ్చటగా ముగియలేదు. 1963లో హేర్‌వుడ్ ప్రభువు నిర్వాహకత్వమున భారతీయ సంగీత నృత్యములకు అందు పెద్దపీట వేసిరి. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి పాడినది, బాలసరస్వతి అభినయించినది. త్యాగయ్య కృతి లేని కర్ణాటక కచేరి అరుదు. క్షేత్రయ్య పదాభినయమునకు బాలసరస్వతి పెట్టినది పేరు. ఆనాటి ఎడింబరో శ్రోతలలో తెలుగు ఎరిగినవారు ఏ కొలదిమందియో యుందురు. వీడ్కోలు పాడిన లంకాషైరు పిల్లకు చీనా భాష తెలియదు. ఆమె ఎదుట కూర్చున్నవారికిని తెలియదు.