శూన్యముతో నడచిన ఇరుసు

జీపు బండి బురదలో దిగబడినది. నడుపువాడు లీవరును నాలుగు చక్రముల స్థానమునకు లాగెను. ఇంజను గర్జించినది, వెనుక చక్రములు బురదను చిమ్ముచు తిరిగినవి, ముందు చక్రములు మాత్రము కదలలేదు. తరువాత వర్కుషాపులో విప్పి చూడగా పళ్ళచక్రములలో ఒక్క పన్నైనను విరిగియుండలేదు. 1984లో అమెరికన్ మోటార్స్ వారు వెలువరించిన జీపు చెరోకీ యజమానులలోను, 1987లో వచ్చిన జీపు రాంగ్లరు యజమానులలోను పలువురు ఎరిగిన కథ యిది. దోషము ఇనుములో లేదు. పెన్సిలుకన్న సన్నని ఒక ప్లాస్టిక్ గొట్టములో, దానికి పడిన వెంట్రుకవాసి చీలికలో ఉన్నది. బరువైన ఇరుసును కలుపు పనిని ఇంత సన్నని గొట్టమునకు ఎందుకు అప్పగించిరి? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్న మోటారు పుట్టుకకన్న చాల వెనుకకు పోవలసియుండును.

శూన్యము లాగునని మనము వాడుకగా అందుము. నిజమునకు శూన్యము దేనిని లాగదు. వెలుపలనున్న గాలియే నెట్టును. 1643లో ఇటలీలో టారిసెల్లి పాదరసపు గొట్టమును తలక్రిందులుగా నిలిపి, మన నెత్తిమీది వాయుమండలము సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తు పాదరసమును మోయుచున్నదని చూపెను. ఆ తరువాత 1650ల దశకములో జర్మనీలోని మాగ్డెబర్గు నగరపాలకుడు ఆటో ఫాన్ గెరికె రెండు లోహపు అర్ధగోళములను ఒకదానికొకటి ఆనించి, లోపలి గాలిని పంపుతో తోడించి, ఇరువైపుల గుఱ్ఱములను కట్టి లాగించెను. వానిని విడదీయుట గుఱ్ఱములకు గగనమైనది. కాని చిన్న కవాటమును తెరచి గాలిని లోనికి విడిచినంతనే అవి సులభముగా విడివడెడివి. గుఱ్ఱముల సంగతిని అందరును జ్ఞాపకముంచుకొందురు; కవాటము సంగతిని మరచిపోవుదురు. శూన్యముతో పనిచేయు ప్రతి యంత్రమునకు ఆయువుపట్టు ఆ కవాటమే. 1712లో ఇంగ్లండులో న్యూకొమెన్ నిలిపిన యంత్రములో సయితము, ఆవిరి చల్లబడి నీరై సిలిండరులో ఏర్పడిన శూన్యములోనికి పిస్టనును నెట్టినది బయటి గాలియే.

ఈ శక్తిని వాడుకొనినప్పుడు గాలి దూరిన ఏమగునన్న ప్రశ్న ఎంత ఘోరమైనదో లోకమునకు తెలియజెప్పినది ఒక రైలు ప్రమాదము. 1889 జూన్ 12వ తేదీన ఐర్లండులోని ఆర్మా పట్టణమునకు చేరువలో, ఆదివారపు బడి పిల్లలు విహారయాత్రకు పోవుచున్న రైలు ఒక ఎత్తును ఎక్కలేక నిలిచిపోయినది. సిబ్బంది దానిని రెండుగా విడదీసి, ముందరి పెట్టెలను తీసికొనిపోయి తిరిగి వచ్చుటకు నిశ్చయించిరి. ఆ రైలుకు ఉన్నది ‘సాదా’ శూన్యపు బ్రేకు. అనగా గొట్టములో శూన్యమున్నంతసేపే బ్రేకు పట్టును. గొట్టమును విడదీసిన క్షణమున పట్టు పోవును. వెనుక మిగిలిన పది పెట్టెలకు గార్డు చేతిబ్రేకును, చక్రముల క్రింద పెట్టిన రాళ్ళును మాత్రమే ఆధారములైనవి. ముందు భాగము కొంచెము వెనుకకు జరిగి తగులగా ఆ పెట్టెలు పల్లమునకు దొర్లి, వెనుకనుండి వచ్చుచున్న మరియొక రైలును ఢీకొన్నవి. దాదాపు 80 మంది మరణించిరి. వారిలో పసివారు ఎందరో.

ఆ సంవత్సరముననే బ్రిటిష్ పార్లమెంటు చట్టము చేసి ప్రయాణికుల రైళ్ళకు ‘ఆటోమాటిక్’ బ్రేకును నిర్బంధము చేసినది. ఇది పాత పద్ధతికి సరిగా తలక్రిందు. గొట్టములో శూన్యమున్నంతసేపు బ్రేకు విడివడియుండును; ఎక్కడ గాలి దూరినను బ్రేకు పడును. ఇరువదవ శతాబ్దములో చాలకాలము మన దేశపు రైళ్ళు నడచినది ఈ శూన్యపు బ్రేకుతోనే. తరువాత క్రమముగా గాలి ఒత్తిడి బ్రేకులు వచ్చినవి. గొలుసు లాగినప్పుడు బుస్సుమని వినిపించిన శబ్దము మన పెద్దలకు తెలియనిది కాదు. అది గాలి లోనికి దూరుచున్న శబ్దము. దోషము కలిగినప్పుడు యంత్రము తనంతట తాను క్షేమమైన స్థితికి పోవలెనన్న సూత్రమును రైల్వేలు ఇంత వెల చెల్లించి నేర్చుకొన్నవి.

మోటారు బండికి శూన్యము ఊరక దొరకిన సొమ్ము. పెట్రోలు ఇంజను గాలిని లోనికి పీల్చుకొను మార్గమున త్రోటిల్ అడ్డుగా ఉండుటచేత, దాని వెనుకనున్న మానిఫోల్డులో ఎప్పుడును గాలి కొరతయే. ఇంజను మెల్లగా తిరుగుచున్నప్పుడు ఆ కొరత సుమారు 45 సెంటీమీటర్ల పాదరసమునకు సమానముగా ఉండును. 40 చదరపు సెంటీమీటర్ల రబ్బరు పొరకు ఒకవైపు ఆ శూన్యమును తగిలించినచో రెండవవైపున గాలి సుమారు 24 కిలోల బరువుతో నెట్టును. ఖర్చు లేని ఈ సేవకుని బండ్ల తయారీదారులు వదలుకొనలేదు. అద్దము తుడుచు వైపరులను అతనిచేతనే నడిపించిరి. అయితే త్రోటిల్ పూర్తిగా తెరచినప్పుడు అడ్డు తొలగి శూన్యము తగ్గిపోవును. కావున వర్షములో ఎత్తు ఎక్కుచున్నప్పుడు, సరిగా అవసరమైన వేళనే, వైపరులు నీరసించెడివి! తక్కిన వారు విద్యుత్తు వైపరులకు మారినను 1970ల ప్రారంభము దాక ఈ పద్ధతిని అంటిపెట్టుకొనియున్నది అమెరికన్ మోటార్స్ సంస్థయే యనుట గమనింపదగినది. డీజిలు ఇంజనుకు ఈ ఊరక దొరకు శూన్యము లేదు; దానికి వేరుగా పంపు పెట్టవలెను.

ఇక ముందు ఇరుసు సంగతి. రెండవ ప్రపంచ యుద్ధకాలపు జీపులో లీవరును వెనుకకు తీసి రెండు చక్రములతో నడిపినను, ముందు చక్రములతోపాటు ముందరి ఇరుసు, డిఫరెన్షియల్, ప్రొపెల్లర్ షాఫ్టు అన్నియు వ్యర్థముగా తిరుగుచునేయుండెడివి. యుద్ధభూమిలో దానిని పట్టించుకొన్నవాడు లేడు. యుద్ధానంతరము మిగిలిన జీపులు ఊరి రోడ్లకు వచ్చినప్పుడు పెట్రోలు ఖర్చు, టైరుల అరుగుదల, చప్పుడు కనబడసాగినవి. 1948లో అమెరికాలోని సియాటిల్ నగరమున ఆర్థర్ వార్న్ చక్రపు మధ్యభాగములో బిగించి, చేతితో త్రిప్పి ఇరుసును విడదీయగల హబ్బులను తయారుచేసెను. చక్కని పరికరమే. కాని మరల కలుపవలెనన్న బండి దిగవలెను. బండి దిగవలసిన చోటు సాధారణముగా మోకాటిలోతు బురద.

బండి దిగకుండ పని జరుగవలెనన్న కోరికనుండి పుట్టినదే చెరోకీ, రాంగ్లరు బండ్ల శూన్యపు ఇరుసు. ఇందు ముందరి ఇరుసు కుడివైపు షాఫ్టును రెండు ముక్కలు చేసి, ఆ రెంటిని కలుపుటకు లోపల పళ్ళున్న ఒక కాలరును అమర్చిరి. ఒక ఫోర్కు ఆ కాలరును ఇటునటు జరుపును. ఫోర్కును కదల్చునది రబ్బరు పొర గల చిన్న డబ్బా. నడుపువాడు లీవరును త్రిప్పినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు మీది స్విచ్చి శూన్యమును ఆ పొరకు ఒకవైపునుండి మరియొకవైపునకు మార్చును. కాలరు విడివడియున్నప్పుడు జరుగు చమత్కారము చూడుడు: ఎడమ చక్రము తన షాఫ్టును ముందుకు త్రిప్పగా, డిఫరెన్షియల్ మహిమచేత కుడివైపు లోపలి ముక్క వెనుకకు తిరుగును, పెద్ద పళ్ళచక్రమును ప్రొపెల్లర్ షాఫ్టును నిశ్చలముగా ఉండును. ఒక్క షాఫ్టును విడదీసి మొత్తము బరువును నిద్రపుచ్చిరి. ఈ యుక్తిని మెచ్చుకొనక తప్పదు.

మెచ్చుకొనరానిది మరియొకటి ఉన్నది. గొట్టము చీలినప్పుడు కాలరును నాలుగు చక్రముల వైపునకు చేర్చు స్ప్రింగు ఏదియు ఇందు లేదు. ఆర్మా పాఠమునకు తొంబదియైదేండ్ల తరువాత వచ్చిన ఈ యంత్రమునకు, గాలి దూరినప్పుడు ఏమి కావలెనన్న ప్రశ్నకు సమాధానము లేకపోయినది. రైలు బ్రేకువలె ఇది ప్రాణములను పట్టునది కాదనవచ్చును. కాని కొండదారిలో చీకటివేళ నాలుగు చక్రములను నమ్ముకొని దిగువాడు ఆ మాటకు ఒప్పుకొనడు.

ఇట్టి పాత బండి చేతికి వచ్చినవారు దోషమును వెదకు క్రమము కష్టమైనది కాదు. మొదట కాలరు కలియుచున్నదా లేదా తేల్చుకొనవలెను. బండిని సమతలమున నిలిపి, వెనుక చక్రములకు కట్టెలు అడ్డుపెట్టి, చేతిబ్రేకు వేసి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, కుడివైపు ముందు చక్రమును మాత్రము జాకీపై లేపవలెను. ఇంజను నడచుచుండగా లీవరును నాలుగు చక్రములకు వేసి, లేపిన చక్రమును చేతితో కొంచెము త్రిప్పినచో కాలరు పళ్ళు కుదిరి చక్రము బిగుసుకొనవలెను. అది స్వేచ్ఛగా తిరుగుచునేయున్నచో కాలరు కలియలేదన్నమాట. రాంగ్లరులో సూచకదీపమును వెలిగించుటయు ఈ శూన్యపు పనియే. కావున దీపము వెలుగకున్నను ఇరుసు కలిసియుండవచ్చును. చక్రము చెప్పిన సాక్ష్యమే నమ్మదగినది.

అటుపిమ్మట ఇరుసు వద్ద గొట్టమును ఊడదీసి బొటనవ్రేలు ఆనించి చూడవలెను. వ్రేలు అంటుకొన్నచో శూన్యము అంతవరకు వచ్చుచున్నది. దోషము పొరలోనో, త్రుప్పుపట్టి బిగిసిన ఫోర్కులోనో ఉన్నది. చేతిపంపుతో పొరపై శూన్యమును పెట్టిన అర నిమిషమైనను నిలువవలెను. వ్రేలికి ఏమియు తగులకున్నచో ఇంజను వైపునుండి ఒక్కొక్క అతుకునే పరీక్షించుచు రావలెను. మానిఫోల్డు వద్ద ఏకదిశా కవాటము ఉన్నది. త్రోటిల్ తెరచినప్పుడు కూడబెట్టిన శూన్యము తిరిగి పోకుండ కాపాడునది అదియే. పొగగొట్టపు వేడికి ప్లాస్టిక్ గొట్టములు పెళుసెక్కి, రబ్బరు మూతులలోనికి దూరు చోటనే ఎక్కువగా విరుగును. గొట్టములలో నూనె కనబడినచో ట్రాన్స్‌ఫర్ కేసు మీది స్విచ్చి పాడై లోపలి నూనెను పీల్చుచున్నదని తెలిసికొనవలెను. గొట్టమును మార్చి స్విచ్చిని వదలినందువలన లాభము లేదు. పెళుసు ప్లాస్టిక్ స్థానమున మంచి రబ్బరు గొట్టము వేసినచో చాల బండ్లు అక్కడితో బాగుపడినవి. వేసారిన యజమానులు కొందరు డబ్బానే తీసివేసి, ఫోర్కును కదల్చుటకు ఉక్కుతీగ అమర్చుకొనిరి.

జనరల్ మోటార్స్ వారి చిన్న ట్రక్కు ఎస్-10లో ఈ పొరడబ్బాను బ్యాటరీ పళ్ళెము క్రిందనే అమర్చియుండిరి. బ్యాటరీనుండి కారిన ఆమ్లము తిన్నగా రబ్బరు పొరపై పడెడిది. అచట స్థలము ఖాళీగా ఉన్నదని తప్ప వేరు కారణము తోచదు.

1992 చెరోకీలో శూన్యపు డబ్బాను తొలగించి, ముందు ఇరుసుకు ఒకే నిడివి గల షాఫ్టును వేసిరి. రాంగ్లరులో అది 1995 వరకు కొనసాగి, 1997 నాటి కొత్త రూపముతో అంతరించినది. పెట్రోలు పొదుపు కొరకు ఇరుసును విడదీయు ఆలోచన 2018 మోడలు రాంగ్లరులో మరల వచ్చినది. ఈసారి కాలరును జరుపు పని చిన్న విద్యుత్ మోటారుకు అప్పగించిరి.