పులస పేరు, పులస దారి

గోదావరి డెల్టా మత్స్యకారులు ఒకే చేపను రెండు పేర్లతో పిలుస్తారు. సముద్రంలో వలకు చిక్కితే అది విలస. వరదల కాలంలో ఎర్రనీటికి ఎదురీది నదిలోకి వచ్చాక పులస. ఈ పేర్ల తేడాను రుచికీ ధరకూ సంబంధించినదిగానే లోకం ఎంచుతూ వచ్చింది గాని, ఉప్పునీటి నుంచి మంచినీటికి వచ్చిన జీవి అదివరకటిలా ఉండదని తరతరాలుగా గమనించిన వారి ఎరుక ఆ పేర్లలో ఉందని ఒప్పుకోవడం న్యాయం.

ఈ తెలుగు పేరు అచ్చుకెక్కి రెండు శతాబ్దాలు దాటింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్, ఆ తీరంలో సేకరించిన 200 చేపల వర్ణనలనూ చిత్రాలనూ 1803లో రెండు సంపుటాలుగా ప్రకటించినప్పుడు, స్థానికంగా విన్న పేర్లను వాటికి చేర్చాడు. ఈ చేపకు ఆయన రాసుకున్న పేరు 'పలసా'. దానిని అనుసరించి ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త జార్జ్ కువియె 1829లో ఈ చేపకు 'క్లుపియా పలాసా' అని నామకరణం చేశాడు. అయితే గంగానది చేపలపై ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో వెలువరించిన గ్రంథంలో బెంగాలీ వాడుకను బట్టి 'ఇలిషా' అనే పేరు అప్పటికే పెట్టి ఉన్నందున, ముందు ప్రకటించిన పేరే చెల్లుతుందన్న వర్గీకరణశాస్త్ర నియమం ప్రకారం అదే నిలిచింది. నేటి శాస్త్రీయ నామం టెన్యువలోసా ఇలిషా. ఏడేళ్ల తేడాతో వెనుకబడిన తెలుగు మాట శాస్త్ర గ్రంథాల్లో పర్యాయ నామంగా నేటికీ ఉంది.

పేరు మారడానికి తగిన పని శరీరంలో నిజంగానే జరుగుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటే, చేప రక్తంలో ఉండేవి అందులో దాదాపు మూడో వంతు. పలుచని పొరకు ఇరువైపులా లవణాల గాఢత వేరుగా ఉన్నప్పుడు నీరు గాఢత ఎక్కువగా ఉన్న వైపుకు పోవడాన్ని ద్రవాభిసరణ అంటారు; దీనివల్ల సముద్రంలో చేప ఒంటి నుంచి నీరు బయటికి పోతూనే ఉంటుంది, నదిలో బయటి నీరు లోపలికి వస్తూనే ఉంటుంది. మొప్ప మూత ఎత్తి చూస్తే కనిపించే ఎర్రని పోగుల వరుసల్లో, కంటికి ఆనని ప్రత్యేక కణాలు ఈ రెండు ఆపదలనూ కాచుకుంటాయి. సముద్రంలో చేప ఉప్పునీరు తాగి నీటి లోటు తీర్చుకుంటుంటే ఆ కణాలు అదనపు ఉప్పును బయటికి తోస్తాయి. నదిలోకి వచ్చాక అవే మొప్పలు పలుచని నీటి నుంచి లవణాలను లోపలికి లాగుతాయి, మూత్రపిండాలు ఎక్కువైన నీటిని బయటికి పంపుతాయి. ఇటువంటి కణాలను ఏన్సెల్ కీస్, ఎడ్వర్డ్ విల్మర్ 1932లో ఈల్ చేప మొప్పల్లో గుర్తించారు.

లవణాలను ఎదురు దిశలో తోయడానికి శక్తి కావాలి. మైటోకాండ్రియా అనే కణాంగాలు తయారుచేసే ఆ శక్తి, అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే అణువు రూపంలో కణమంతా చెలామణి అవుతుంది. ఈ అణువును 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు వేర్వేరుగా కనుగొన్నారు. సుబ్బారావు 1895లో పుట్టిన భీమవరం ఈ డెల్టాలోదే కావడం గోదావరి జిల్లాల పాఠశాలల్లో ప్రతి జీవశాస్త్ర ఉపాధ్యాయుడూ చెప్పవలసిన విషయం.

చేప ఇంత శ్రమకు ఓర్చేది గుడ్లు పెట్టడానికి. వరద తెచ్చే ఒండ్రులోని పోషకాలతో డయాటమ్‌లు మొదలైన వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలియాడే సూక్ష్మ మొక్కలు, పెరుగుతాయి. వాటిని జంతు ప్లవకాలు తింటాయి. ఈ రెంటినీ మొప్పల జల్లెడతో వడకట్టుకుని పులస పిల్లలు ఎదిగి తిరిగి సముద్రానికి చేరతాయి. జీవులు, వాటి ఆహారం, నీరు, మట్టి, రుతువులు ఒకదానిపై ఒకటి ఆధారపడి నడిచే ఈ ఏర్పాటునే ఆవరణ వ్యవస్థ అంటారు. ఇందులో నదికీ సముద్రానికీ మధ్య దారి తెరిచి ఉండటం మొదటి షరతు.

ఆ దారికి అడ్డం 1847లో మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో కట్టిన ఆనకట్ట 1852లో పూర్తయి, కరువుతో చితికిన జిల్లాలను వరిచేలుగా మార్చింది. ఆ మేలును తక్కువ చేసి చెప్పడం కృతఘ్నత. అయితే నది వెడల్పంతా పరుచుకునే ఆనకట్టలు గుడ్లు పెట్టబోయే చేపలను ఆపి తీరప్రాంత చేపల వేటకు నష్టం కలిగించవచ్చని 1867లో ప్రభుత్వం దృష్టికి తెచ్చిన వ్యక్తి కూడా కాటనే. ఆయన గొప్పతనానికి డెల్టాలో నిలిచిన విగ్రహాలెన్నో, ఈ హెచ్చరిక తెలిసినవారు మాత్రం అతి కొద్దిమంది. ఆ తర్వాత ఫ్రాన్సిస్ డే దేశంలోని నదులను పరిశీలించి 1873లో మంచినీటి చేపలపై నివేదిక ప్రకటించి, వలస చేపలకు ఆనకట్టలు తెచ్చే ముప్పును వివరించాడు.

పాత ఆనకట్ట స్థానంలో 1970లలో పని మొదలుపెట్టి కట్టిన బ్యారేజీకి కాటన్ పేరే పెట్టారు. అంతర్వేది దగ్గర వశిష్ఠలోకి, యానాం దగ్గర గౌతమిలోకి ప్రవేశించే పులస నేటికీ ఏటా వరద నీటికి ఎదురీది వస్తుంది. దాని దారిలో మొదటి గోడ ధవళేశ్వరం.