కారు వెనుక చప్పుడు: దాని చరిత్ర, దాని పరీక్ష

విజయవాడలోని జవహర్ ఆటోనగర్ 1966లో ఏర్పడింది. లారీలు, బస్సులు, కార్లు బాగుచేయడంలో దానికి పేరున్నది. అనుభవం గల మేస్త్రీతో "వెనుక ఏదో చప్పుడు వస్తున్నదండీ" అంటే, ఆయన మొదట "ఎప్పుడు వస్తున్నది?" అని అడుగుతాడు. చట్రం, ఇనుపరేకు శబ్దాన్ని దూరం మోసుకుపోతాయి. అందువలన చప్పుడు పుట్టిన చోటును చెవితో పట్టడం కష్టం. అది పుట్టే సందర్భాన్ని పట్టడం సులభం.

అసలు కారు వెనుక భాగంలో అంత యంత్రం ఎందుకు చేరింది? ఎద్దుబండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం నడుస్తుంది. చక్రాలు ఇరుసుపై విడివిడిగా తిరుగుతాయి కనుక బాధ లేదు. ఇంజను రెండు చక్రాలనూ తిప్పవలసి వచ్చినప్పుడే చిక్కు వచ్చింది. ఫ్రాన్సు దేశస్థుడు పెక్కర్ 1828లో తన ఆవిరిబండికి పేటెంటు పొందిన డిఫరెన్షియల్ ఈ చిక్కును విడదీసింది. తరువాత ముందున్న ఇంజను శక్తిని వెనుక ఇరుసుకు మళ్ళించడానికి పినియన్, క్రౌన్ అనే పళ్ళచక్రాలు వచ్చాయి. తిన్నని పళ్ళు రొదచేసేవి; వంపు పళ్ళు దానిని తగ్గించాయి. 1926లో అమెరికాలోని ప్యాకార్డు కంపెనీ, పినియన్‌ను క్రౌన్ మధ్యరేఖకు దిగువన అమర్చే హైపాయిడ్ పద్ధతిని కార్లలో ప్రవేశపెట్టింది. రొద మరింత తగ్గింది.

ఇక చిన్న లెక్క చేద్దాం. చక్రం చుట్టుకొలత 2 మీటర్లు, కారు వేగం గంటకు 36 కిలోమీటర్లు అనుకుందాం. అనగా సెకనుకు 10 మీటర్లు. చక్రం 5 చుట్లు తిరుగుతుంది. టైరు ఒకచోట ఉబ్బితే సెకనుకు 5 దెబ్బలు వినవస్తాయి. క్రౌన్‌కు 41 పళ్ళుంటే, పళ్ళు సెకనుకు 205 సార్లు కలుస్తాయి. మొదటిది తాళంవలె, రెండవది శ్రుతివలె చెవికి తోస్తుంది.

ఆ తరువాత ఒక్కొక్క పరిస్థితినే మార్చి వినాలి. యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఊళ, వదిలినప్పుడు మార్పు ఉంటే క్రౌన్, పినియన్‌లను అనుమానించాలి. గేరు మార్చినా, వేగం మారనంతవరకు అదే గర్జన ఉండి, ఎడమకు తిరిగినప్పుడు హెచ్చితే కుడిచక్రపు బేరింగును చూడాలి. మలుపులో బరువు బయటి చక్రంపై పడుతుంది. తారురోడ్డు నుంచి సిమెంటు రోడ్డెక్కగానే స్వరం మారితే అది టైరుది. గుంతల్లోనే దడదడలాడితే కమానుకట్టల బుష్‌లు, షాకబ్జార్బర్లు చూడాలి. జాకీ ఒక్కదానిపై నిలిపిన బండి కిందికి మాత్రం దూరరాదు.

చరిత్ర తెలియకపోతే ఈ జాబితాయే దారి తప్పిస్తుంది. 2014 వరకు తయారైన అంబాసిడర్‌లో ఇంజను వెనుక చక్రాలను తిప్పేది. 1983లో వచ్చిన మారుతి 800లో ముందు చక్రాలను తిప్పింది. డిఫరెన్షియల్ కూడ ముందుకు పోయింది. అటువంటి కారు వెనుక గర్జిస్తే క్రౌన్‌ను వెదకడం వ్యర్థం.

డెల్టాలో ఎన్నో దారులు కాలువకట్టల వెంబడి పోతాయి. అక్కడ అరిగిన బేరింగు బిగిసి చక్రం పట్టు తప్పితే ప్రాణాలకే ముప్పు. తప్పు భాగం విప్పితే డబ్బు పోతుంది, ముప్పు మిగులుతుంది. ఒక్కటి మార్చి, తక్కినవి మార్చక పరిశీలించడం ప్రయోగశాలలో మనం నేర్పే పద్ధతే. ఆటోనగర్ మేస్త్రీ దానిని చెవితో నేర్చుకున్నాడు.